కోతి - రాతిపువ్వు

జంతుశాస్త్రములో కోతి ఒక పాఠము. వృక్షశాస్త్రములో లైకెన్ ఒక పాఠము. మొదటిది స్తన్యజంతువుల ప్రకరణములో వచ్చును. రెండవది శిలీంధ్రముల ప్రకరణము చివర ఒకటి రెండు పుటలలో ముగియును. ఈ రెండు పాఠములు ఎన్నడును కలిసికొనవు. ఈ రెండు ప్రాణులను పోల్చి వ్రాయుమని ప్రశ్నపత్రములలో సాధారణముగా అడుగరు. కాని హైదరాబాదునకు పడమటగా, మాదాపూరు, రాయదుర్గము, ఖాజాగూడ, గచ్చిబౌలి ప్రాంతములలో మిగిలియున్న గ్రానైటు గుట్టలపై ఈ రెండును ఒకే బండను ఆశ్రయించి జీవించుచున్నవి. బండపై కూర్చున్న కోతిని చిన్నపిల్లలు సైతము గుర్తింతురు. అది కూర్చున్న చోట, దాని కాళ్ళక్రింద, బూడిదరంగు, లేత ఆకుపచ్చ, పసుపు మచ్చలుగా కనబడునది కూడ ప్రాణమున్నదే యని చెప్పినచో చాలమంది ఆశ్చర్యపడుదురు.

ఆ మచ్చలే లైకెన్లు. ఇవి తెలుగువారికి బొత్తిగా తెలియనివి కావు. మసాలా దినుసుల అంగళ్ళలో ‘రాతిపువ్వు’ అను పేర అమ్ముడగు నల్లని, పెళుసైన రేకులు లైకెన్లే. హైదరాబాదు బిర్యానీ మసాలాలో దీనిని వాడువారు పెక్కుమంది కలరు. అయితే అంగడిలోని రాతిపువ్వు హిమాలయములు, పడమటి కనుమలు మొదలగు చల్లని కొండలనుండి వచ్చు పెద్దరేకుల జాతులకు చెందినది. మన గుట్టలపై నున్నవి వాని దాయాదులు. వంటకు పనికివచ్చునవి కావు.

కోతిని, లైకెన్‌ను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ‘ఒక ప్రాణి’ అనగా ఏమి, బంధుత్వమనగా ఏమి అను ప్రశ్నలు క్రొత్తగా తలయెత్తును. నగరము పెరుగునపుడు ఏది నిలుచును, ఏది నశించును, నశించిన సంగతి ఎట్లు తెలియును అను ప్రశ్న కూడ తలయెత్తును.

గుట్టల పూర్వచరిత్ర

హైదరాబాదు పరిసరములలోని గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. భూమిలోతున కరగియున్న శిలాద్రవము మెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడిన రాయి యిది. పైనున్న పొరలు కోట్లకొలది సంవత్సరములలో అరిగి కొట్టుకొనిపోగా ఇది బయటపడినది. పగుళ్ళవెంట నీరు దిగి అంచులను తినివేయుటచే పలకలుగా నుండిన రాళ్ళు గుండ్రని బండలైనవి. ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు ఈ బండలకు వాని ఆకారములనుబట్టి పేర్లు కూడ ఏర్పడినవి. శిల్పారామములో ‘ఎలుగుబంటి ముక్కు’ అను అర్థమిచ్చు పేరుగల బండ కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో ‘పుట్టగొడుగు బండ’ కలదు.

1998లో మాదాపూరులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనది. హైటెక్ సిటీకి అదియే మొదలు. అటుపిమ్మట కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు కార్యాలయములు, నివాసములు వ్యాపించినవి. వానికి చోటు కల్పించుటకై అనేకములైన గుట్టలు పేల్చివేయబడినవి. రాళ్ళను కాపాడవలెనను ఉద్దేశముతో 1996లోనే ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అను సంఘము ఏర్పడినది. కొన్ని బండలు వారసత్వసంపదగా గుర్తింపు పొందినవి. మిగిలిన వానిలో పెక్కు కంకరగా, పునాదిరాళ్ళుగా మారిపోయినవి.

ఏ కోతి? ఏ లైకెన్?

పోలిక సరిగా నుండవలెనన్నచో ‘కోతి’, ‘లైకెన్’ అని ఊరకే చెప్పిన చాలదు; జాతులను పేర్కొనవలెను.

దక్షిణభారతమునకు సహజమైన కోతి శాస్త్రీయనామము మెకాకా రేడియేటా. 1812లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు ఎతియెన్ జఫ్రాయ్ సెంతిలేర్ దీనిని వర్ణించెను. నడినెత్తినుండి వెంట్రుకలు నలుదిక్కులకు టోపీవలె పరచుకొని యుండుటచే దీనిని ఆంగ్లములో ‘బానెట్ మెకాక్’ అందురు. ఈ వ్యాసములో దీనిని టోపీకోతి అని పిలువవచ్చును. దీని తోక శరీరముకంటె పొడవైనది. ఇది భారతదేశమునకు వెలుపల సహజముగా ఎచ్చటను లేదు; మన దేశములో గోదావరి, తపతీ నదులకు దక్షిణముననే దీని సహజనివాసము. ఉత్తరభారతపు కోతి మెకాకా మ్యులాటా. దీనిని రీసస్ కోతి అందురు. దాని తోక పొట్టిది. నడుము క్రిందిభాగము ఎర్రని ఛాయతో నుండును. మనుష్యుల రక్తవర్గములలోని ‘ఆర్‌హెచ్’ అను గుర్తు ఈ రీసస్ పేరునుండియే వచ్చినది. నేడు తెలంగాణములో ఈ రెండు జాతులును కానవచ్చుచున్నవి.

ఇక లైకెన్. ప్రపంచములో ఇరువదివేల వరకు లైకెన్ జాతులున్నవని అంచనా. భారతదేశములోనే 2,500కు మించి గుర్తింపబడినవి. రాతిపై పెరుగునవి కొన్ని, చెట్ల బెరడుపై పెరుగునవి కొన్ని. మన మైదానప్రాంతములలో మామిడి మొదలగు చెట్ల బెరడుపై విస్తారముగా కనిపించు జాతి పిక్సిన్ కోకోయెస్. 1788లో స్వీడను వృక్షశాస్త్రజ్ఞుడు ఓలాఫ్ స్వార్ట్స్ దీనికి నామకరణము చేసెను. పేరులోని రెండవ పదము కొబ్బరిచెట్టును సూచించును. 1857లో విలియం నైలాండర్ అను ఫిన్లండు శాస్త్రజ్ఞుడు దీనిని పిక్సిన్ ప్రజాతిలో చేర్చెను. ఇది బెరడును గట్టిగా అంటుకొని, బూడిదరంగు బిళ్ళవలె పరచుకొనును. అంచున సన్నని తమ్మెలుండును. అడుగుభాగము నల్లగా నుండును. నైలాండర్ పేరు మరల వచ్చును గాన గుర్తుంచుకొనదగినది.

ఒకటా, రెండా?

టోపీకోతి ఒక ప్రాణి. ఒకే అండమునుండి పుట్టిన కణములన్నియు కలసి దాని శరీరమైనవి. లైకెన్ సంగతి అట్లు కాదు. దానిని సన్నని పొరగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో పైన శిలీంధ్రపు దారములు దట్టముగా అల్లుకొని పైకప్పువలె కనబడును. దానిక్రింద ఆకుపచ్చని గుండ్రని కణములు వరుసగా నుండును, అవి శైవలములు. వానికి దిగువ మరల శిలీంధ్రపు దారములు వదులుగా అల్లుకొనియుండును. ఇల్లు శిలీంధ్రముది, అందు వంట చేయునది శైవలము.

ఈ సంగతిని 1867లో స్విట్జర్లండు దేశస్థుడు సైమన్ ష్వెండెనర్ ప్రకటించినపుడు నాటి లైకెన్ శాస్త్రజ్ఞులలో పలువురు అంగీకరింపలేదు. ఒక్క పేరుతో పిలువబడు ప్రాణి నిజమునకు రెండు ప్రాణుల పొత్తు అను మాట వారికి విపరీతముగా తోచినది. నైలాండర్ కూడ దానిని తీవ్రముగా ఖండించినవారిలో ఒకడు. కాలక్రమమున ష్వెండెనర్ మాటయే నిలిచినది. ‘సహజీవనము’ అను భావము జీవశాస్త్రములో స్థిరపడుటకు లైకెన్లే ముఖ్యమైన ఆధారమైనవి. 2016లో టోబీ స్ప్రిబిల్ మొదలగువారు కొన్ని లైకెన్ల పైపొరలో మరియొక రకపు శిలీంధ్రము, అనగా ఈస్టు, కలదని చూపిరి. అందుచే కొన్ని లైకెన్లలో పొత్తుదారులు ఇద్దరుగాక ముగ్గురని తేలినది.

లైకెన్‌కు ఇచ్చు శాస్త్రీయనామము నిజమునకు అందలి శిలీంధ్రమునకే చెందును. శైవలమునకు వేరే పేరు కలదు. పిక్సిన్ కోకోయెస్ అన్నపుడు ఆ ఇంటి యజమాని పేరు మాత్రమే చెప్పినట్లు.

అయినచో కోతి మాత్రము పూర్తిగా ఒంటరిదా? దాని ప్రేగులలో కోట్లకొలది సూక్ష్మజీవులు వసించి, ఆకులను, పిందెలను జీర్ణము చేయుటకు తోడ్పడుచున్నవి. అవి లేకున్న కోతి ఆరోగ్యముగా నుండజాలదు. కావున కోతి ఒంటరి, లైకెన్ జంట అనుటకంటె, లైకెన్‌లో పొత్తు శరీరమునే నిర్మించినది, కోతిలో పొత్తు కడుపులో దాగియున్నది అనుట సరియైనది.

ఎవరు ఎవరికి చుట్టము?

పూర్వము జీవులను జంతువులు, వృక్షములు అని రెండే తెగలుగా విభజించిరి. శిలీంధ్రములు కదలవు గనుక వానిని వృక్షములలో చేర్చిరి. అందుచేతనే లైకెన్లు వృక్షశాస్త్రములోనికి వచ్చినవి. కాని శిలీంధ్రములకు పత్రహరితము లేదు. అవి తమ ఆహారమును తాము తయారుచేసికొనలేవు. మొక్కలు పిండిపదార్థమును నిలువచేయగా, శిలీంధ్రములు గ్లైకోజన్‌ను నిలువచేయును. జంతువుల కాలేయములో నిలువయుండునదియు గ్లైకోజనే. శిలీంధ్రకణముల గోడలలోనున్న కైటిన్ అను పదార్థమే కీటకముల, రొయ్యల పైపెంకులలోను ఉన్నది.

1993లో అణుజీవశాస్త్ర పరిశోధనలు ఈ అనుమానమును బలపరచినవి. జన్యుపదార్థమును, ప్రోటీనులను పోల్చిచూడగా శిలీంధ్రములు మొక్కలకంటె జంతువులకే దగ్గరివని తేలినది. జంతువులకును, శిలీంధ్రములకును ఉమ్మడి పూర్వజీవి సుమారు నూరు కోట్ల సంవత్సరములకు పూర్వము, లేక అంతకంటె ముందు, నీటిలో జీవించిన ఏకకణజీవి. శైవలముల శాఖ అంతకు పూర్వమే విడిపోయినది.

ఇందలి వింత గమనింపదగినది. లైకెన్‌లోని శిలీంధ్రము తనతో ఒకే ఇంటిలో కాపురముండు శైవలముకంటె, తనపై కూర్చున్న కోతికే దగ్గరి చుట్టము. కలసియుండుట వేరు, రక్తసంబంధము వేరు. పొరుగువారితో పొత్తు కుదిరి, దాయాదులు దూరదేశములలో నున్న కుటుంబములు లోకములో లేకపోలేదు. ప్రకృతిలోను అట్లే జరిగినది. ఇంతటి ప్రాచీనబంధుత్వము ఏర్పడునాటికే ఆ గ్రానైటు బండ వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైగా నుండెను.

తిండి సంపాదించు విధము

కోతియు, శిలీంధ్రమును ఇతరులు చేసిన తిండిపై బ్రతుకునవే. సూర్యరశ్మిని తినదగిన పదార్థముగా మార్చు శక్తి రెండింటికిని లేదు. ఆ లోటును తీర్చుకొను మార్గములు మాత్రము వేరు.

కోతి ఆకుపచ్చని జీవులను వెదకుకొనుచు తిరుగును. మర్రిపండ్లు, మేడిపండ్లు, లేత ఆకులు, గింజలు, పురుగులు దాని ఆహారము. దొరికినదానిని వేగముగా బుగ్గలలోని సంచులలో నింపుకొని, నిశ్చింతగా కూర్చుండి నమలును. అది పారవేసిన గింజలు దూరప్రదేశములలో మొలకెత్తును. ఈ విధముగా కోతి చెట్లకు ఉపకారము కూడ చేయును.

శిలీంధ్రము ఆకుపచ్చని జీవిని తనలోనే నిలుపుకొన్నది. శైవలము గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని, ఎండను ఉపయోగించి చక్కెరజాతి పదార్థములను చేయును. అందులో అధికభాగము శిలీంధ్రమునకు చేరును. శిలీంధ్రము దానికి బదులుగా నీడను, తేమను, అంటుకొని యుండుటకు ఆధారమును ఇచ్చును. వేళ్ళు లేవు, ఆకులు లేవు, నీటిని మోయు నాళములు లేవు. వాననీరు, మంచు, గాలిలోని ధూళి, ఇవియే లైకెన్‌కు నీరు, ఎరువు. దాని ఉపరితలమంతయు నోరే యనవచ్చును. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయమునకు మూలము.

రాతిపై పెరుగు లైకెన్లు తమ దారములను రాతి రేణువుల సందులలోనికి చొప్పించును. ఆక్సాలిక్ ఆమ్లము వంటి పదార్థములను విడుదల చేయును. తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు కుదించుకొనుటచే రాతి రేణువులు సడలును. ఆ పొడిలో ధూళి చేరి, చచ్చిన లైకెన్ల భాగములు కలసి, పిడికెడు మన్నగును. అందు నాచు, పిమ్మట గడ్డి, పిమ్మట పొదలు మొలచును. కోతి పండుతిను చెట్టునకు చోటు సిద్ధపరచిన పనివారిలో లైకెన్ ఒకటి.

ఎండకు ఓర్చుట

మే నెల మధ్యాహ్నమున బండపై చేయి మోపుట కష్టము. కోతి ఆ సమయమునకు నీడ చేరును. నీరున్న చోటు దానికి తెలియును. లైకెన్ ఎక్కడికిని పోలేదు. అది చేయునది వేరు. తనలోని నీరంతయు ఆవిరియైపోవ అనుమతించి, పెళుసుగా ఎండిపోయి, జీవక్రియలను దాదాపు నిలిపివేయును. చచ్చినట్లుండును కాని చావదు. తొలకరి చినుకు పడిన కొద్ది నిమిషములలో నీటిని పీల్చుకొని, రంగు తేరి, మరల ఆహారము తయారుచేయ నారంభించును.

ఈ ఓర్పు ఎంతటిదో అంతరిక్షప్రయోగములు చూపినవి. 1959 మే 28న అమెరికావారు ‘ఏబుల్’ అను రీసస్ కోతిని రాకెట్టులో అంతరిక్షమునకు పంపగా అది ప్రాణముతో తిరిగివచ్చినది. గాలి నింపిన గదిలో, భద్రముగా కట్టిన పడకపై అది ప్రయాణము చేసెను. 2005లో ఐరోపా అంతరిక్షసంస్థవారు రెండు జాతుల లైకెన్లను ఫోటాన్-ఎమ్2 అను ఉపగ్రహములో పంపిరి. సుమారు 15 దినములు అవి శూన్యములో, సూర్యుని తీవ్రకిరణములకు నేరుగా గురియై యుండెను. తిరిగివచ్చిన పిమ్మట తడిపి చూడగా వాని కిరణజన్యసంయోగక్రియ మరల సాగినది. కోతికి భూమి వాతావరణమును వెంట తీసికొనిపోవలసి వచ్చినది; లైకెన్‌కు అది అక్కరలేకపోయినది.

అంతటి మొండిప్రాణము నగరపు గాలికి చచ్చుట ఎట్లు? రహస్యము ఇది. ఎండి నిద్రించునపుడు లైకెన్ దేనికైనను ఓర్చును. తడిసి మేల్కొని యున్నపుడు అది అతిసుకుమారము. గాలిలోని విషములు నీటిలో కరగి దాని లోనికి ప్రవేశించునది అప్పుడే.

సంతానము, వయస్సు

టోపీకోతి గర్భము సుమారు అయిదున్నర నెలలు. సాధారణముగా ఒకే పిల్ల పుట్టును. అది తల్లి పొట్టను కరచుకొని లోకమును చూచును. ఏది తినవలెనో, దేనికి బెదరవలెనో మందను చూచి నేర్చుకొనును. ఆడపిల్లలు పుట్టిన మందలోనే ఉండిపోవును. మగవి పెరిగి వేరు మందలకు పోవును.

లైకెన్‌కు ఒక చిక్కు కలదు. శిలీంధ్రపు సిద్ధబీజము గాలిలో ఎగిరి వేరొకచోట పడినపుడు అక్కడ తగిన శైవలము దొరకినగాని కాపురము కుదరదు. కావున పిక్సిన్ వంటి జాతులు మరియొక ఉపాయమును కూడ పాటించును. బిళ్ళపై పిండివలె కనబడు సన్నని రేణువులు ఏర్పడును. వానిని సోరీడియాలు అందురు. ఒక్కొక్క రేణువులో కొన్ని శైవలకణములు, వానిని చుట్టుకొన్న శిలీంధ్రపు దారములు ఉండును. గాలికో, వానకో కొట్టుకొనిపోయి క్రొత్త బెరడుపై పడిన రేణువు రెండు వంశములను ఒకేసారి మోసికొనిపోవును.

పెరుగుదల మిక్కిలి మెల్లనిది. ఆకువంటి లైకెన్లు సంవత్సరమునకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. రాతిపై పొరవలె అంటుకొనిన జాతులలో పెక్కింటికి సంవత్సరమునకు ఒక మిల్లీమీటరు పెరుగుదల కూడ ఉండదు. కాబట్టి బండపై అరచేయి వెడల్పు గల పొరలైకెన్ ఒక మనుష్యుని ఆయుర్దాయమంత కాలము అక్కడనే యున్నదై యుండవచ్చును. డ్రిల్లు యంత్రము దానిని తొలగించుటకు క్షణము పట్టదు.

నగరము వచ్చినపుడు

చెట్లు తగ్గి ఇండ్లు పెరిగినపుడు కోతి తన పూర్వపు తెలివినే క్రొత్తచోట ఉపయోగించినది. చెత్తకుండీ, బాల్కనీ, గుడిముందు కొబ్బరిచిప్ప, కారునుండి చాచిన చేతిలోని అరటిపండు దానికి క్రొత్త అడవియైనవి. కర్ణాటకములోని బండీపూరు అరణ్యమున టోపీకోతులు యాత్రికులను చూచి ప్రత్యేకమైన కూతతో, చాచిన చేతితో తిండి అడుగుచున్నవని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అడుగుట నేర్పినది మనుష్యుని దానగుణమే. పెట్టిననాడు పుణ్యమనిపించును, పెట్టనినాడు అదే కోతి సంచి లాగుకొనును, కరచును. అడవిలో గంటలకొలది వెదకిన దొరకు పోషణ ఒక్క రొట్టెముక్కలో దొరకుటచే మందలు పెరుగును.

బాధ తీర్చుటకు ప్రభుత్వములును పూనుకొన్నవి. 2020లో తెలంగాణ అటవీశాఖ నిర్మలు సమీపమున చించోలివద్ద కోతుల రక్షణ, పునరావాసకేంద్రమును నెలకొల్పినది. కోతులకు సంతాననిరోధ చికిత్స చేయుట దాని పనులలో ముఖ్యమైనది.

ఇచ్చట ఒక పొరపాటునకు తావు కలదు. ‘కోతులు మితిమీరినవి’ అను మాట సర్వత్ర వినబడుచుండగా, టోపీకోతి మాత్రము తగ్గిపోవుచున్నది. రీసస్ కోతి దక్షిణమునకు వ్యాపించి టోపీకోతి తావులను ఆక్రమించుచున్నదని 2011లో ప్రకటింపబడిన పరిశోధన హెచ్చరించినది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి ఎర్రజాబితాలో టోపీకోతి నేడు ప్రమాదమునకు లోను కాగల జాతులలో చేరియున్నది. జాతులను వేరుపరచి చూడనివానికి వీధిలో కోతులు ఎక్కువైనట్లే కనబడును. ఒక జాతి జారిపోవుట కనబడదు.

లైకెన్ సంగతి ఇంకను దయనీయము. అది లేచిపోలేదు, అడుగలేదు, కరవలేదు. మెరుగుపెట్టిన గ్రానైటు పలకపైనను, భవనముల అద్దపుగోడలపైనను దానికి పట్టు చిక్కుట మిక్కిలి కష్టము. దాని బండను పేల్చిననాడు అది దానితోనే పోవును. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరముల భూమిని చదును చేయ మొదలిడగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టుట ఆపుమని ఆజ్ఞాపించినది. ఆ సందర్భమున జింకలు, నెమళ్ళ పేర్లు ఎక్కువగా వినవచ్చినవి. బండలపై నున్న మచ్చలు మాటలాడని పక్షమువి.

ఇద్దరు సాక్షులు

నగరపు ఆరోగ్యమును గూర్చి ఈ ఇరువురిలో ఎవరి సాక్ష్యము నమ్మదగినది? కోతి ఉన్నంతమాత్రమున ప్రకృతి బాగుగా నున్నదని చెప్పరాదు. దానికి కాళ్ళు, తెలివి, దట్టమైన చర్మము, విషములను వడకట్టు కాలేయము, మూత్రపిండములు ఉన్నవి. ఒకచోట చెడినచో మరియొకచోటికి పోవును. కోతి చెప్పు సాక్ష్యము తిండిని గూర్చినది మాత్రమే: ఇచ్చట చెత్త మూతలేక యున్నది, ఇచ్చట జనులు తిండి పెట్టుచున్నారు.

లైకెన్ గాలిని గూర్చి చెప్పును. చెట్లు ఆకులు రాల్చి కొంత మలినమును వదలించుకొనును. లైకెన్‌కు రాల్చుటకు ఆకులు లేవు. పైన మైనపుపూత లేదు. మూయుటకు పత్రరంధ్రములు లేవు. గాలిలోనిది మంచియైనను చెడ్డయైనను లోనికి పోయి నిలిచిపోవును. 1866లో పారిస్ నగరములోని లక్సెంబర్గు తోటలో కొన్ని లైకెన్లు నిలిచియుండగా నగరములో ఇతరచోట్ల అవి మాయమగుటను గమనించి, లైకెన్లు గాలి పరిశుద్ధతను కొలుచు సాధనములని చెప్పినవాడు ఆ నైలాండరే. లైకెన్ స్వభావమును గూర్చి ష్వెండెనర్‌తో వాదించి ఓడినవాడు, లైకెన్ ప్రయోజనమును అందరికంటె ముందు గ్రహించిన వారిలో ఒకడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ అను ఆంగ్లశాస్త్రజ్ఞులు చెట్లపైనున్న లైకెన్ జాతులనుబట్టి గాలిలోని సల్ఫర్ డై ఆక్సైడును అంచనాకట్టు కొలబద్దను తయారుచేసిరి. బొగ్గుపొగ తగ్గిన పిమ్మట లండను నగరములోనికి లైకెన్లు తిరిగివచ్చినవి.

మన పిక్సిన్ కోకోయెస్ కొంత మొండిది. మలినమైన గాలికి చాలవరకు ఓర్చును. కాబట్టి అది యున్నదని గాలి శుభ్రమనరాదు. ఇతర జాతులు పోయి ఇది యొక్కటియే మిగిలినచో అనుమానింపవలసియే యుండును. అయితే ఓర్చునది గనుకనే ఇది వేరొక పనికి వచ్చినది. వాహనముల పొగలోని లోహములు దీనిలో పేరుకొనును. లక్నోలోని నేషనల్ బొటానికల్ రిసర్చి ఇన్‌స్టిట్యూటు శాస్త్రజ్ఞులు దీనిని విశ్లేషించి నగరములలోని వాయుకాలుష్యమును పరిశీలించిరి.

పాఠశాలలో చేయదగిన పని

దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. పది సెంటీమీటర్ల చదరములు అయిదు, ఒకదానిక్రింద ఒకటి వచ్చునట్లు దారముతో నిచ్చెనవంటి చట్రమును చేయవలెను. ఒకే రకపు చెట్లను, ఇంచుమించు సమానమైన లావుగలవానిని, పెద్దరోడ్డు ప్రక్కన కొన్నింటిని, లోపలి ఆవరణలో కొన్నింటిని ఎన్నుకొనవలెను. మామిడి యైన మేలు. ఛాతీ ఎత్తున, మ్రాను నాలుగువైపుల చట్రమునుంచి, ఎన్ని చదరములలో లైకెన్ కలదో, ఎన్ని రకములు కలవో లెక్కింపవలెను. పేర్లు తెలియకున్నను రంగు, ఆకారములనుబట్టి రకములను వేరుచేయవచ్చును.

లెక్కలోని తేడా అంతయు గాలివలననే కలిగినదని తొందరపడరాదు. బెరడు నునుపు, నీడ, తేమ, చెట్టు వయస్సు కూడ కారణములు కావచ్చును. రోడ్డుప్రక్క చెట్లకు సున్నము, జాజు పూయు అలవాటు కలదు. అట్టి మ్రానుపై లెక్క పనికిరాదు. దొంగనోట్లను పట్టుటకు అంగళ్ళలో వాడు అతినీలలోహిత దీపమును చీకటిలో పిక్సిన్ కోకోయెస్‌పై ప్రసరింపజేసినచో అది పసుపుపచ్చగా మెరయును. లైకెగ్జాంథోన్ అను పదార్థమే దానికి కారణము. దీపమును కంటిపై పడనీయరాదు. లైకెన్‌ను గీకి తీయరాదు. స్కేలు ప్రక్కన నుంచి ఫోటో తీసిన చాలును. ఎనిమిదవ తరగతిలో ఫోటో తీసిన విద్యార్థి పదవ తరగతిలో అదే బిళ్ళను మరల కొలిచినచో ఒక లైకెన్ రెండేండ్లలో ఎంత పెరిగినదో స్వయముగా తెలిసికొనును.

కోతిని కూడ ఇట్లే పరిశీలింపవచ్చును. దూరమునుండి, తిండి పెట్టక, తోక పొడవును, నెత్తిమీది వెంట్రుకలను చూచి అది టోపీకోతియా, రీససా అని వ్రాసికొనవలెను. ఏ వీధిలో ఏ జాతి కలదో కొన్ని సంవత్సరములు క్రమముగా వ్రాసిన పుస్తకము శాస్త్రజ్ఞులకు సైతము ఉపయోగపడును.

ఈ రెండు జాతులకును చేయవలసిన మేలు ఒకే రకమైనది కాదు. కోతి విషయమున మానవలసినది ఎక్కువ: తిండి పెట్టుట మానవలెను, చెత్తను మూతలేకుండ ఉంచుట మానవలెను, పండ్లచెట్లను కొట్టుట మానవలెను. అది తనంతట తాను గుట్టకు తిరిగిపోగలదు, గుట్ట మిగిలియున్నచో. లైకెన్‌కు తిరిగిపోవుట అన్నది లేదు. చెట్టును పెకలించి వేరొకచోట నాటుదురు. కోతిని బోనులో పెట్టి చించోలికి తీసికొనిపోవుదురు. బండపై పొరలైకెన్‌ను బండ లేకుండ తరలించు ఉపాయము లేదు. దానికి చేయగల ఉపకారము ఒక్కటే: అది యున్న రాతిని అక్కడనే ఉండనిచ్చుట.